టుటన్‌ఖామన్ బాకు: ఎక్స్‌రేలు చాలా, ముక్క కోయాల్సిందేనా?

కొలిమిమనవడు:
ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖామన్ మమ్మీ కుడి తొడ దగ్గర 1925లో దొరికిన ఇనుప బాకు ఎలా తయారైందో తేలిపోయినట్టే అంటాను. 2016లో ఎక్స్‌రేలతో పరీక్షిస్తే నికెల్ దాదాపు 11 శాతం అని తెలిసింది. అంత నికెల్ అంటే ఆకాశం నుంచి పడ్డ ఉల్క ఇనుము. 2022లో జపాన్ బృందం బాకు అలుగు (కోసే ఇనుప భాగం) మీద నికెల్ ఎక్కడెంత ఉందో పటం గీస్తే, చాప అల్లికలా ఒకదాన్నొకటి కోసుకునే గీతలు కనబడ్డాయి. గ్రహశకలం కడుపులో లక్షల ఏళ్లు నెమ్మదిగా చల్లారితేనే ఆ అల్లిక పడుతుంది. 950 డిగ్రీలు దాటించి కాలిస్తే చెరిగిపోతుంది. నల్ల మచ్చల్లో గంధకం కూడా మిగిలే ఉంది.

మా తాతది కొలిమి. కొన్ని ఇనుములు పసుపురంగు దాకా కాలిస్తే సమ్మెట దెబ్బకు పగులుతాయని, ఎరుపు మీదే సాగగొట్టాలని చెప్పేవాడు. గంధకం చేసే పని అదే. మూడు వేల ఏళ్ల కిందటి ఆ కమ్మరికీ ఈ సంగతి తెలుసు! ఇంత తెలిశాక కూడా కోసి చూడాలనేవాళ్లను చూస్తే బాధేస్తోంది.

నికార్సు:
బాధ సరే గానీ, ఆ ఎక్స్‌రేలు చూసేది పైపొరనే. ఇనుములో తలవెంట్రుక మందం మించి లోతు తెలియదు. లోపలా అదే అల్లిక ఉందని కోసి చూడకుండా ఎలా అంటారు?

అసలు చిక్కు పిడితో. బంగారు పిడిలో కాల్షియం ఉంది, గంధకం లేదు. కాబట్టి పిడి మీది అలంకారాలను అతికించింది జిప్సంతో కాదు, సున్నంతో అన్నారు ఆ జపాన్ బృందం వాళ్లు. ఈజిప్టులో సున్నం వాడకం శతాబ్దాల తర్వాత వచ్చింది కనుక బాకు మితాన్ని అనే పొరుగు రాజ్యం నుంచి వచ్చిందన్నారు. ఒక్క కొలత మీద ఎన్ని మెట్లు! పిడి తర్వాత మార్చి ఉంటే? సున్నపురాతిలో తొలిచిన సమాధి దుమ్మే పట్టి ఉంటే?

కొలిమిమనవడు:
మితాన్ని మాట గాలిలోంచి రాలేదండి. ఆ రాజ్యాన్ని ఏలిన తుష్రత్త, టుటన్‌ఖామన్ తాత మూడో అమెన్‌హోటెప్‌కు పంపిన కానుకల జాబితా ఈజిప్టులోని అమర్నాలో దొరికిన మట్టిపలకల ఉత్తరాల్లో ఉంది, అందులో ఇనుప బాకూ ఉంది. అదే ఇదని నేననను. ఎక్కడ చేశారో తేలలేదు, ఒప్పుకుంటాను. ఎలా చేశారో మాత్రం తేలింది.

ఇందూరు:
మా నిజామాబాద్ వైపు కోనసముద్రంలో పూర్వం చేసిన ఉక్కు మీద ఆసక్తితో చదివిన విషయం చెప్తా. లండన్ వాలెస్ కలెక్షన్‌లోని భారతీయ కత్తులను ఆక్స్‌ఫర్డ్ దగ్గరి కేంద్రంలో న్యూట్రాన్లతో చూశారు. అవి ఇనుములో సెంటీమీటర్ల లోతుకు దూరతాయి, గాటు అక్కర్లేదు.

నికార్సు:
దానికి బాకునే దేశం దాటించాలి కదన్నా, ఎక్స్‌రే పరికరమైతే బాకు దగ్గరికే వచ్చింది. అయినా అలుగు కోయమనడం మానుకుంటా. పిడి సున్నం సంగతి మాత్రం న్యూట్రాన్లకు వదలను. అతుకు సందులోంచి సూదిమొనంత పొడి తీయడానికి కూడా వద్దంటారా, కొలిమి గారూ?