రీమ్యాప్‌తో పాటే టైమింగ్ చైన్ కూడా మార్చాలా?

నాది 2012 స్విఫ్ట్ డీజిల్, 1248 సీసీ మల్టీజెట్ ఇంజిన్. లక్షా ముప్పై వేల కిలోమీటర్లు దాటింది. వచ్చే నెల విజయవాడ ఆటోనగర్‌లో క్లచ్ మార్పించి, స్టేజ్-1 రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) చేయిద్దామనుకుంటున్నాను. కంపెనీ ఇచ్చిన 75 పీఎస్, 190 ఎన్ఎం నుంచి మరీ అత్యాశ లేకుండా కొంచెం పెంచితే చాలు.

నా డౌట్ టైమింగ్ చైన్ గురించి, అంటే క్రాంక్‌తో పాటు క్యామ్‌షాఫ్ట్‌ని తిప్పి వాల్వులు సరైన టైమ్‌కి తెరుచుకునేలా చేసే గొలుసు. ఇప్పటివరకు పొద్దున్నే స్టార్ట్ చేసినా గలగల చప్పుడేమీ లేదు. మా మెకానిక్ "చప్పుడు రానిదే ముట్టుకోకండి" అంటున్నాడు. రీమ్యాప్ చేసే ట్యూనరేమో ఇప్పుడే మార్చేయమంటున్నాడు. పెరిగిన టార్క్ క్రాంక్ నుంచి గేర్‌బాక్స్‌కి పోతుంది కదా, చైన్‌కి ఏం సంబంధం అనుకున్నాను. కానీ ఈ ఇంజిన్‌లో డీజిల్ హై ప్రెషర్ పంపు కూడా క్యామ్‌షాఫ్ట్‌తోనే తిరుగుతుంది. మ్యాప్‌లో రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి వెళ్లే డీజిల్ ప్రెషర్) పెంచితే ఆ లోడ్ చైన్ మీదే పడుతుంది కదా? చైన్ పన్ను జారితే వాల్వులు పిస్టన్లకి తగలొచ్చు, అదే టెన్షన్.

ఈ పని చేయించినవాళ్లు చెప్పండి: చైన్, హైడ్రాలిక్ టెన్షనర్ (చైన్‌ని బిగువుగా ఉంచేది), గైడ్‌లతో పాటు స్ప్రాకెట్లు కూడా మార్చారా? లాకింగ్ టూల్స్ (క్రాంక్, క్యామ్‌షాఫ్ట్ కదలకుండా పట్టి ఉంచేవి) లేకుండా పెయింట్ మార్కులు పెట్టి బిగిస్తానంటే ఒప్పుకోవచ్చా? నాకైతే ధైర్యం చాలడం లేదు. ఒరిజినల్ కాకుండా బయటి కిట్ వేయించినవాళ్లుంటే, తర్వాత ఎన్ని కిలోమీటర్లు నడిచిందో కూడా రాయండి.