తాతగారి నాటకాల పెట్టె: ఎవరికి అప్పగిస్తే భద్రంగా ఉంటుంది?

మా తాతగారు గుంటూరు చుట్టుపక్కల పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవారు. బ్రాడీపేటలో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఆయన ట్రంకుపెట్టె దొరికింది. నిండా కరపత్రాలు, పద్యాల పక్కనే రాగాల పేర్లు రాసుకున్న నోటుబుక్కులు, వేషాలతో దిగిన ఫోటోలు. ఒక కరపత్రంలో స్త్రీ పాత్రలకు పేరుపడ్డ రంగస్థల నటుడు స్థానం నరసింహారావు గారి పేరు చూసి ఒళ్ళు పులకరించింది.

మడత విప్పితే చాలు, కాగితం విరిగిపోతోంది. మా బావ లామినేషన్ చేయిద్దామంటున్నాడు. ఒకసారి చేస్తే మళ్ళీ ఊడదీయలేం కదా, అదే నా టెన్షన్. ఎప్పుడో సెల్లోటేపు వేసినచోట ఇప్పటికే గోధుమరంగు మరకలు పడ్డాయి.

స్కాన్ చేసి, అసలు కాగితాలనూ దాచే చోటు గుంటూరు, విజయవాడల్లో ఎక్కడుందండీ? గుంటూరులోని అన్నమయ్య గ్రంథాలయంలో ఇలాంటి విడి కాగితాలు తీసుకుంటారా? ఫోటోల్లోని నటులను గుర్తుపట్టగల పెద్దవాళ్ళు తెలిసినా చెప్పండి, నేనే వెళ్ళి కలుస్తాను.