హైదరాబాద్‌లో ఇంప్లాంట్లు వేయించుకుని అమెరికా వచ్చాక తేడా కొడితే ఎవరిని అడగాలి?

ఫ్రిస్కోవాసి:
కింద కుడివైపు రెండు దవడ పళ్లు లేవు, పైన ఒకటి తీయించాలి. వాటి చోట ఇంప్లాంట్లు (ఎముకలో బిగించే స్క్రూ, దాని మీద పన్ను క్యాప్) వేయించుకోవాలని ఉంది. డిసెంబర్‌లో మూడు వారాల సెలవు మీద హైదరాబాద్ వెళ్తున్నాను. ఒక క్లినిక్ వాళ్లు వాట్సాప్‌లో ఓపీజీ (దవడలు మొత్తం కనిపించే ఎక్స్‌రే) చూసి "మూడు ఇంప్లాంట్లు, క్యాపులతో సహా 10 రోజుల్లో పూర్తి, లైఫ్‌టైమ్ వారంటీ" అన్నారు. క్యాష్ ఇస్తే 15 శాతం తగ్గిస్తారట. షుగర్‌కి మాత్రలు వాడుతున్నాను. ఇక్కడికొచ్చాక వదులైతే టెక్సస్ డెంటల్ బోర్డుకి ఫిర్యాదు చేయొచ్చా? వెళ్లేముందు ఏం చూసుకోవాలి?

వినియోగదారుల_వకీలు:
చేయొచ్చు గానీ ఉపయోగం లేదండీ. టెక్సస్ బోర్డు చేయి టెక్సస్ లైసెన్సు ఉన్నవాళ్ల మీదే పడుతుంది. మీ హక్కులన్నీ వైద్యం జరిగిన చోటే, అంటే ఇండియా చట్టాల కిందే ఉంటాయి. అవి తక్కువేం కాదు. చేతిలో కాగితం లేకపోతే మాత్రం ఒక్కటీ పనిచేయదు.

అందుకే ముందు ఆ 15 శాతం సంగతి. బిల్లు లేకుండా క్యాష్ ఇచ్చారంటే మీరు డబ్బు కట్టి సేవ పొందారనడానికి రుజువు పోయినట్టే. వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో తేల్చింది. అయితే అది డబ్బు తీసుకుని చేసిన వైద్యానికి. బిల్లులో డాక్టర్ పేరు, ఏ పన్నుకి ఏం చేశారు, ఇంప్లాంట్ కంపెనీ, తేదీ ఉండాలి. "డెంటల్ ట్రీట్‌మెంట్, రూ. 1,50,000" అని ఒక్క లైను కొట్టిన బిల్లు దాదాపు చిత్తు కాగితమే.

ఫిర్యాదుకి రెండు దారులున్నాయి, వీటిని కలిపేసుకోకండి. డాక్టర్ నడవడిక మీదైతే తెలంగాణ రాష్ట్ర డెంటల్ కౌన్సిల్. హెచ్చరించడం, రిజిస్ట్రేషన్ తీసేయడం దాకా వాళ్ల పని, డబ్బు ఇప్పించరు. నష్టపరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. కట్టిన మొత్తం 50 లక్షల లోపైతే అక్కడే, 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. వినియోగదారుల కమిషన్ల ఇ-జాగృతి పోర్టల్‌లో మీ ఊళ్లో కూర్చునే వేయొచ్చు, వీడియోలో హాజరు కావడానికి అనుమతి అడగొచ్చు. గడువు రెండేళ్లు. ఇండియాలో ఉన్న తమ్ముడికో అన్నకో పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే అది కాన్సులేట్‌లో అటెస్ట్ కావాలి లేదా అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) అయి ఉండాలి. ఇండియా చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. చాలామంది ఈ స్టాంపు దగ్గరే తప్పటడుగు వేస్తారు.

కన్సెంట్ ఫారంలో "దేశం దాటాక మాకు బాధ్యత లేదు" అన్న వాక్యం కనిపిస్తుంది. అది ఉన్నంత మాత్రాన నిర్లక్ష్యం మాఫీ అయిపోదు. అయినా దాన్ని కొట్టేయించి సంతకం పెట్టండి.

దంతవైద్యం_గుంటూరు:
చట్టం సంగతి వకీలు గారు చెప్పారు, నేను నోటి సంగతి చెప్తాను. ఓపీజీ ఒక్కటే చూసి "మూడు ఇంప్లాంట్లు" అన్నారంటే అది ధర, ప్లాన్ కాదు. ఓపీజీలో ఎముక ఎత్తు కనిపిస్తుంది, వెడల్పు కనిపించదు. వెడల్పు తెలియాలన్నా, కింది దవడలో నరానికి ఎంత దూరముందో కొలవాలన్నా సీబీసీటీ (దవడకు తీసే 3డీ స్కాన్) కావాలి.

10 రోజుల్లో క్యాప్ అన్నది మీ కేసుకి నప్పదు. స్క్రూ బిగిసింది వేరు, ఎముక పట్టింది వేరు. కింద మూడు నెలలు, పైన నాలుగు నుంచి ఆరు నెలలు సాధారణంగా ఆగాలి. ఈలోగా నమిలే బరువు పడి ఇంప్లాంట్ 150 మైక్రాన్లకు మించి కదిలితే, అంటే ఓ రెండు వెంట్రుకల మందం, చుట్టూ ఎముకకు బదులు మెత్తటి పీచు కణజాలం పెరుగుతుంది. బయటికి బాగానే ఉంటుంది, ఆరు నెలలకు ఊగుతుంది. మొత్తం దవడకు నాలుగైదు ఇంప్లాంట్లు వేసి ఒకే బ్రిడ్జితో కట్టినప్పుడు తొందరగా పళ్లు పెట్టి నమిలే బరువు వేస్తారు, నిజమే. వెనక ఒంటరి పళ్లకు ఆ లెక్క వర్తించదు. డిసెంబర్‌లో స్క్రూలు, వేసవిలో క్యాపులు అని రెండు ట్రిప్పులు పెట్టుకోండి.

పై పన్ను వెనకదైతే సైనస్ (ముక్కు పక్క గాలి గది) దగ్గర పడుతుంది. సైనస్ లిఫ్ట్ (ఆ గది అడుగును పైకి లేపి ఎముక నింపడం) చేస్తే రెండు వారాలు ముక్కు గట్టిగా చీదకూడదు, విమానం కూడా అప్పటిదాకా వద్దు. కాబట్టి దిగిన మొదటి వారంలోనే సర్జరీ పడేలా చూసుకోండి, కుట్లు ఊడదీసేసరికి మీరు ఊళ్లోనే ఉంటారు. షుగర్‌కి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) రిపోర్టు పట్టుకెళ్లండి. 8 దాటితే చాలామంది వాయిదా వేస్తారు. ఎముక బలానికి మాత్రలో ఇంజెక్షనో వాడుతుంటే అదీ చెప్పండి.

డాక్టర్‌ని ఇలా చూసుకోండి: బోర్డు మీద "ఇంప్లాంటాలజిస్ట్" అన్నది ఇండియాలో గుర్తింపు ఉన్న స్పెషాలిటీ కాదు. బీడీఎస్ చదివినవాళ్లూ వేయొచ్చు, బాగా వేసేవాళ్లూ ఉన్నారు. అయినా ప్రోస్థో (కట్టుడు పళ్లు), పెరియో (చిగుళ్లు), ఓరల్ సర్జరీల్లో పీజీ చేసిన ఎండీఎస్‌లలో ఎవరు స్క్రూ వేస్తారు, ఎవరు క్యాప్ పెడతారు అని పేర్లు, రిజిస్ట్రేషన్ నంబర్లతో అడగండి. ఆ నంబరు కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉందో లేదో చూడండి.

ఇక అసలు వస్తువు స్టిక్కర్. ఇంప్లాంట్ డబ్బాలో ఊడదీసే లేబుల్ ఉంటుంది. అందులో కంపెనీ, మోడల్, వ్యాసం, పొడవు (ఉదాహరణకు 4.1 × 10 మిల్లీమీటర్లు), లాట్ నంబరు, ఇసుక గడియారం గుర్తు పక్కన గడువు తేదీ ఉంటాయి. దిగుమతి సరుకైతే డబ్బా మీద దిగుమతిదారు చిరునామా, ఇంపోర్ట్ లైసెన్స్ నంబరు కూడా కనిపించాలి. సీలు మీ ముందే విప్పమనండి, స్టిక్కర్ ఫైల్లో అంటించుకుని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. అది లేకుండా అమెరికాలో డాక్టర్ దగ్గరికెళ్తే మొదట అడ్డం పడేది స్క్రూడ్రైవర్. కంపెనీకో రకం తల, 1.2 మిల్లీమీటర్లదీ 1.27దీ చూపుకి ఒకటే. తప్పుది పెట్టి తిప్పితే లోపలి గాడి అరిగిపోతుంది, ఆ తర్వాత క్యాప్ కోయాల్సిందే.

క్యాప్ సిమెంటుతో కాకుండా స్క్రూతో బిగించేది అడగండి. వదులైతే పైన రంధ్రంలో నింపింది తీసి, సరైన స్క్రూడ్రైవర్ ఉన్న ఏ డాక్టరైనా బిగించగలరు. పైగా చిగురు కింద మిగిలిపోయిన సిమెంటు ఎముకను తినేసే కేసులు తక్కువేం కావు.

లెక్కలమామ:
డబ్బు వైపు నుంచి నాలుగు ముక్కలు. "లైఫ్‌టైమ్ వారంటీ" అంటే ఎక్కువగా కంపెనీ డాక్టర్‌కి కొత్త స్క్రూ ఉచితంగా ఇస్తుందని అర్థం. సర్జరీ ఫీజు, కొత్త క్యాప్, టికెట్ మీవే. రాతపూర్వకంగా అడగండి.

హెచ్‌ఎస్‌ఏ (అమెరికాలో వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా) డబ్బు ఇండియాలో చేయించుకున్న ఇంప్లాంట్లకు వాడొచ్చు, వివరంగా బిల్లు ఉండాలి. చుట్టాల్ని చూడ్డానికి వెళ్తూ దారిలో పళ్లు చేయించుకుంటే టికెట్ మాత్రం లెక్కలోకి రాదు. ఇండియా నుంచి మోసుకొచ్చే మందులూ అంతే. డెంటల్ ఇన్సూరెన్స్ ప్లాన్ పీపీఓ (నెట్‌వర్క్ బయటి డాక్టర్లకూ కొంత ఇచ్చేది) అయితే విదేశీ క్లెయిమ్ ఉందేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. డీహెచ్‌ఎంఓ (నెట్‌వర్క్ డాక్టర్లకే ఇచ్చేది) అయితే ఆశ పెట్టుకోకండి.

క్రెడిట్ కార్డ్ మంచిదే గానీ అమెరికాలో "పని బాగాలేదు" అన్న వివాదానికి చట్టం సొంత రాష్ట్రంలో లేదా ఇంటికి 100 మైళ్ల లోపు కొన్నవాటికే అంటుంది. హైదరాబాద్‌కి అది అందదు. లండన్ వైపు నుంచి చదివేవాళ్లకైతే అక్కడి క్రెడిట్ కార్డ్ రక్షణ నిబంధన సెక్షన్ 75 విదేశీ కొనుగోళ్లకూ పనిచేస్తుంది, 100 నుంచి 30,000 పౌండ్ల మధ్య.

ఫ్రిస్కోవాసి:
చాలా థ్యాంక్సండీ. క్యాష్ మాట వదిలేశాను, రెండు ట్రిప్పులు చేస్తాను. ఒక్క డౌట్: ఇక్కడికి వచ్చాక నొప్పో కదలికో మొదలైతే మొదటి పని ఏం చేయాలి?

వినియోగదారుల_వకీలు:
అమెరికాలో డెంటిస్ట్ దగ్గర ఐఓపీఏ (ఒకటి రెండు పళ్లకు తీసే చిన్న ఎక్స్‌రే) తీయించి, ఏం చూశారో రెండు లైన్లు రాయించుకోండి. దాన్ని జోడించి హైదరాబాద్ క్లినిక్‌కి ఈమెయిల్ పెట్టండి, వాట్సాప్ కాల్ కాదు. అదే ఈమెయిల్‌లో మీ పూర్తి రికార్డు, సీబీసీటీ డైకామ్ ఫైళ్లతో (స్కాన్ అసలు కంప్యూటర్ ఫైళ్లు) సహా అడగండి. డెంటల్ కౌన్సిల్ 2014 నియమావళి ప్రకారం రికార్డు మూడేళ్లు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇంకో మాట, నిపుణుడి సాక్ష్యం లేకుండా కేసే నిలవదని భయపెడతారు. ప్రతి కేసుకీ అది అక్కర్లేదని 2010లో వి. కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

దంతవైద్యం_గుంటూరు:
ఇంప్లాంట్ తీసేయాల్సి వస్తే తీయకముందు నోట్లో ఫోటోలు, ఎక్స్‌రే ఉండాలి. బయటికి వచ్చిన స్క్రూ పారేయనివ్వకండి. చిన్న సీసాలో వేయించి, తేదీ, పన్ను నంబరు రాసి ఇమ్మనండి.