దేన్నీ తేల్చి చెప్పలేమనే పిర్రో ఆలోచన మన దేశంలోనే పుట్టిందా?

నమస్కారం. గ్రీకు తత్త్వవేత్త పిర్రో గురించి కొన్ని నెలలుగా చదువుతున్నాను. ఆయనది గ్రీసులోని ఎలిస్. గురువు అనక్సార్కస్‌తో కలిసి, అలెగ్జాండర్ సైన్యం వెంట భారతదేశం దాకా వచ్చాడు. ఇక్కడి దిగంబర సాధువులను కలిశాకే, దేన్నీ ఖాయంగా తేల్చి చెప్పలేమనే దారి పట్టాడని, గ్రీకు తత్త్వవేత్తల జీవితాలు రాసిన డయోజెనీస్ లయర్షియస్ రాశాడు. తుఫానులో ఓడ ఊగిపోతూ అందరూ హడలిపోతుంటే, నిశ్చింతగా మేత తింటున్న పందిపిల్లను చూపించి జ్ఞాని అలా ఉండాలన్నాడట. ఆ కథ చదివినప్పటి నుంచి ఆయన్ని వదల్లేకపోతున్నాను.

నా చిక్కు ఇది. ఉంది, లేదు, రెండూ, రెండూ కాదు అనే బౌద్ధుల చతుష్కోటికీ, శిష్యుడు టిమన్ ద్వారా అందిన పిర్రో మాటలకూ చాలా పోలిక కనిపిస్తోంది. చతుష్కోటిని వాడిన బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుడు పిర్రోకు ఎన్నో వందల ఏళ్ల తర్వాతివాడు కాబట్టి ఆయన్ని పక్కన పెడుతున్నాను. మరి బౌద్ధుల పాళీ సూత్రాల్లో కనిపించే, ఏ ప్రశ్నకూ తేల్చి జవాబివ్వని సంజయ బేలట్ఠిపుత్తుడితో పోల్చాలా? లేక ఇదంతా అనక్సార్కస్ అనుసరించిన, పరమాణువాది డెమోక్రిటస్ గ్రీకు సంప్రదాయం నుంచే వచ్చిందా?

పాళీ గానీ గ్రీకు గానీ వచ్చినవారు ఎవరైనా, ఏ వైపు సాక్ష్యం గట్టిదో కాస్త వివరంగా చెప్పగలరా? దీనిమీద తెలుగులో మంచి వ్యాసం ఉంటే, దయచేసి ఎక్కడ దొరుకుతుందో చెప్పండి.