ఫోన్‌లోనే అన్నీ ఉండగా హైదరాబాద్‌లో క్వీర్ సెంటర్ అవసరమా?

నేను గే. కర్నూలు నుంచి వచ్చి అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటున్నా. ఏడాదికోసారి మనవాళ్ల ఊరేగింపు ప్రైడ్‌కి వెళ్తాను, ఆ ఒక్క రోజు హాయిగా తిరిగి మర్నాటి నుంచి మళ్లీ నోరు మూసుకోవడమే. కొందరం కలిసి ఒక గది అద్దెకు తీసుకుని, గే, లెస్బియన్, ట్రాన్స్ లాంటి క్వీర్ మనుషులు కలుసుకునే సెంటర్ పెడదామనుకుంటున్నాం. వాట్సాప్ గ్రూపులున్నాయి కదా, ఊరికే అద్దె ఎందుకు అని ఫ్రెండ్ అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు.

సంధ్య_ట్రాన్స్: తమ్ముడూ, ఒకసారి ఆస్పత్రిలో ఓపీ చీటీ కోసం మగవాళ్ల లైన్‌లో నిలబడాలా ఆడవాళ్ల లైన్‌లోనా తెలియక జ్వరంతోనే ఇంటికి వచ్చేశాను. 2021లో ఇక్కడ ట్రాన్స్ వాళ్ల కోసం మిత్ర్ క్లినిక్ మొదలైంది, అందులో పనిచేసేవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. హార్మోన్ల సలహా, హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ అన్నీ అక్కడే. మందుల కోసం వెళ్లి గంటసేపు కూర్చుని కబుర్లు చెప్పుకుని వచ్చేదాన్ని. 2025 జనవరిలో ఆ క్లినిక్‌కి వచ్చే సాయాన్ని అమెరికా ఆపేయగానే తలుపులు మూతపడ్డాయి. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరిచారు కానీ, ఆ మధ్య నెలల్లో పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది. కాబట్టి గది కావాలి. దాన్ని ఒక్కరి డబ్బు మీదే నిలబెట్టకండి.

జెర్సీ_రవి: అక్క చెప్పింది నిజం. న్యూయార్క్‌లో వెస్ట్ 13వ వీధిలో ఉన్న క్వీర్ సెంటర్ 1983లో మొదలైంది, పాత హైస్కూల్ భవనాన్ని నగరం దగ్గర కొనుక్కున్నారు. సొంత భవనం కాబట్టి ఖాళీ చేయమనే ఓనర్ లేడు. ఎయిడ్స్‌తో మనుషులు చనిపోతున్నా ప్రభుత్వం పట్టించుకోని రోజుల్లో, 1987 మార్చిలో, ఎయిడ్స్ మీద పోరాడిన ఉద్యమ సంస్థ యాక్ట్ అప్ పుట్టింది అక్కడే. అంతమంది కోపంగా, భయంగా ఒకే గదిలో కూర్చోబట్టే అది సాధ్యమైందని నా నమ్మకం, వాట్సాప్‌లో అయితే నాలుగు మెసేజ్‌లు పెట్టి పడుకునేవాళ్లు.

మల్లిక: అపార్ట్‌మెంట్‌లో మాత్రం వద్దు, వాచ్‌మన్ రిజిస్టర్‌లో పేరు రాయమంటే సగం మంది గేటు దగ్గరే వెనక్కి పోతారు. మెట్రోకి దగ్గరగా, కింద షాపులున్న బిల్డింగ్‌లో చూడండి, ఎవరు ఎందుకొచ్చారో ఎవరూ అడగరు. ఇంకోటి, మీటింగులన్నీ రాత్రి ఎనిమిదికి పెడతారు. ఇంట్లో ఉండే నాలాంటి అమ్మాయిలు ఆ టైమ్‌కి ఏం చెప్పి బయటికి రావాలి? ఆదివారం పొద్దున పదికి తెరవండి. తాళం ఒకటి నాకివ్వండి, నేను వచ్చి తీస్తాను.