మొదటి రోడ్ బైక్: తొక్కి చూడకుండా కొనొచ్చా?

కొత్త_సవారీ: ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. పొద్దున్నే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ (ఓఆర్ఆర్) పక్కన సోలార్ ప్యానెళ్ల పైకప్పున్న సైకిల్ ట్రాక్ మీద తొక్కడానికి రోడ్ బైక్ (సన్న టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్ ఉన్న సైకిల్) కొందామనుకుంటున్నా. ఆన్‌లైన్‌లో షిమానో కంపెనీ సోరా గేర్లున్న బండి ఆఫర్‌లో ఉంది. దగ్గర్లోని షాపులో అదే ధరకి షిమానోలోనే ఒక మెట్టు తక్కువైన క్లారిస్ గేర్లది వస్తోంది, కానీ తొక్కి చూడనిస్తారు. ఏది తీసుకోమంటారు?

గేర్_పిచ్చి: ఆన్‌లైన్‌దే తీసుకోండి బ్రో. క్లారిస్‌కి వెనక 8 గేర్లు, సోరాకి 9. సైజ్ చార్టులో మీ ఎత్తు చూసుకుంటే చాలు. షాపు ముందు రెండు రౌండ్లు కొడితే ఏం తెలుస్తుంది?

నార్సింగి_రైడర్: రెండు రౌండ్లకి ఏమీ తెలియదు, నిజమే. అందుకే కనీసం అరగంట అడగాలి. చార్టు చాలంటే మాత్రం ఒప్పుకోను. ఎత్తు ఒకటే అయినా ఒకరికి కాళ్లు పొడుగు, ఇంకొకరికి నడుము పైభాగం పొడుగు. సీటు ఎత్తు సర్దుకోవచ్చు. హ్యాండిల్ మరీ దూరమైతే స్టెమ్ (హ్యాండిల్‌ని బండికి కలిపే ముక్క) మార్చినా తగ్గేది ఒకటి రెండు సెంటీమీటర్లే.

సవారీ గారూ, ముందు సీటు సెట్ చేయించుకోండి. మడమ పెడల్ మీద పెట్టి కిందదాకా తొక్కితే కాలు నిటారుగా చాచుకోవాలి. తర్వాత మామూలుగా పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది, అదీ లెక్క. అసలు పరీక్ష చేతులది. కొత్తవాళ్లు భయంతో హ్యాండిల్ పైన అడ్డంగా ఉన్న భాగం పట్టుకుని తొక్కి, హాయిగా ఉందంటారు. అక్కడ బ్రేకులు అందవు, ట్రాఫిక్‌లో ఎలా తొక్కుతారు? బ్రేక్ హుడ్స్ (బ్రేక్ లివర్ల పైనున్న రబ్బరు పట్లు) పట్టుకునే తొక్కండి. మోచేతులు కొంచెం వంగి ఉండాలి. అవి బిగుసుకుపోయి బరువంతా అరచేతుల మీద పడుతోందంటే ఆ బండి మీకు పెద్దదయ్యుండొచ్చు, ఒక సైజు తక్కువది అడగండి. కింది వంపు పట్టుకున్నప్పుడు కూడా బ్రేకు వేళ్లకి అందుతోందా చూడండి. ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కి దిగితే గేర్లు, బ్రేకులు రెండూ తేలిపోతాయి.

గేర్_పిచ్చి: ఫిట్ సంగతి సరే. రేపు 8 స్పీడ్ నుంచి అప్‌గ్రేడ్ అవ్వాలంటే షిఫ్టర్లు (గేర్లు మార్చే లివర్లు), క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్లచక్రాల గుత్తి) అన్నీ మార్చాలి, ఆ ఖర్చో?

నార్సింగి_రైడర్: ఖర్చే, కాదనను. కానీ గేర్లు డబ్బు పెడితే మారతాయి. ఫ్రేమ్ సరిపోకపోతే బండి అమ్ముకోవాల్సిందే.

కొత్త_సవారీ: శనివారం షాపుకి వెళ్తున్నా. ఆ బండికి 25 మి.మీ. వెడల్పు టైర్లున్నాయి. 28 మి.మీ.వి పడతాయా అని అడగాలా?

నార్సింగి_రైడర్: తప్పకుండా. ట్రాక్ నున్నగానే ఉంటుంది, ఇంటి నుంచి అక్కడిదాకా ఉన్న గతుకులకే 28 కావాలి.