కుక్క కాలికట్టు కొరికేస్తోంది, ఎలా ఆపాలి?

చిట్టిగాడి అమ్మ:
మా చిట్టిగాడికి ముందుకాలు విరిగితే మోచేతి పైదాకా ఫైబర్ కట్టు వేశారు. మొదట్లో వాడు దాన్ని అసలు పట్టించుకోలేదు, కుంటుకుంటూనే ఇల్లంతా తిరిగాడు. నిన్న మధ్యాహ్నం నుంచి మాత్రం ఒకటే కొరకడం. పాదం దగ్గర అంచంతా పీచులు లేచిపోయి లోపలి దూది బయటికొస్తోంది. మెడకు కోన్ (నోరు అందకుండా తొడిగే గరాటు లాంటి ప్లాస్టిక్ కాలర్) పెట్టాం, అయినా అందుకుంటున్నాడు. "వద్దురా" అంటే ఆగుతాడు, నేను అటు తిరగ్గానే మళ్ళీ మొదలు. రాత్రంతా కాపలా కాయడం నా వల్ల కావట్లేదు. చేదు స్ప్రేలు పనిచేస్తాయా? ఎవరైనా వాడి చూశారా?

నల్లమచ్చ:
స్ప్రే సంగతి తర్వాత చూద్దామండీ. ఇన్నాళ్ళూ పట్టించుకోనివాడు ఉన్నట్టుండి కొరుకుతున్నాడంటే లోపల ఏదో బాధపెడుతోందనే ముందు అనుకోవాలి. కట్టు కింద కనబడే మధ్య వేళ్ళు రెండూ చూడండి. మామూలుగా ఆ రెండు గోళ్ళూ దగ్గరదగ్గరగా ఉంటాయి, వాపొస్తే ఎడమవుతాయి. బాగున్న కాలి వేళ్ళతో పోల్చి చూస్తే తేడా తెలిసిపోతుంది. వేళ్ళు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయా? ఆ తర్వాత కట్టుకు కింద, పైన రెండు అంచుల దగ్గరా ముక్కు పెట్టి వాసన చూడండి. కుక్క ఒంటి వాసన వేరు, పుండు వాసన వేరు. తడి తగులుతోందా, కట్టు కిందికి జారిందా, పై అంచు చంక దగ్గర ఒరుసుకుంటోందా అన్నది కూడా చూసి చెప్పండి.

చిట్టిగాడి అమ్మ:
ఇప్పుడే చూశానండీ. వేళ్ళు చల్లగా లేవు. గోళ్ళు మాత్రం రెండో కాలి కన్నా ఎడంగానే ఉన్నాయి. వాసన కొంచెం పులిసినట్టుగా వస్తోంది. వచ్చే వారం ఎలాగూ చూపించాలి, అప్పటిదాకా ఆగొచ్చా?

నల్లమచ్చ:
ఆగొద్దు. ఇప్పుడే డాక్టరుకు ఫోన్ చేసి ఈ రోజే తీసుకెళ్ళండి. కట్టు కింద పుండు పడితే చర్మంతో ఆగదు, లోతుకు పోతుంది. ముందుకాలికైతే మణికట్టు వెనక పొడుచుకొచ్చే ఎముక మీదా, మోచేతి మొన మీదా ఎక్కువగా ఒరుసుకుంటుంది. మీరే కత్తెర పెట్టి కోయడానికి మాత్రం చూడకండి. చర్మం తెగడం ఒకటైతే, అతుక్కుంటున్న ఎముక కదిలిపోవడం ఇంకొకటి. నొప్పి తగ్గుతుందని మనం వేసుకునే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి అస్సలు వేయొద్దు. అవి కుక్కల ప్రాణం మీదికి తెస్తాయి.

టామీ నాన్న:
ఇంకో మాట. ఊడిన దూది, పీచు నేల మీద దొరికాయా, మింగేశాడా? మింగి ఉంటే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. పేగులకు అడ్డం పడితే వాంతులు చేసుకుంటారు, తిండి మానేస్తారు, విరేచనం ఆగిపోతుంది. చాలామంది కట్టు గురించే కంగారుపడతారు గానీ ఆ ముక్కలు ఎటు పోయాయని చూడరు.

బారుముక్కు:
కోన్ పెట్టినా అందుతోందంటే అది పొట్టిదన్నమాట. మెడపట్టీ ఉండే చోటు నుంచి ముక్కు కొస దాకా కొలిచి, దానికి ఇంకో మూడు నాలుగు సెంటీమీటర్లు కలపండి. కోన్ కనీసం అంతుండాలి. పక్క నుంచి చూస్తే ముక్కు కోన్ దాటి బయటికి కనబడకూడదు. బారుముక్కు కుక్కలకు సైజు చార్టు చూసి కొంటే దాదాపు ప్రతిసారీ చిన్నదే వస్తుంది. మెడ దగ్గర రెండు వేళ్ళు పట్టేంత వదులు చాలు, అంతకన్నా వదిలితే ముందుకాలితో లాగేసుకుంటారు.

మెత్తదిండు:
మా దానికి గాలి నింపే కాలర్ పెట్టాం, హాయిగా పడుకునేది. ఆ పెద్ద ప్లాస్టిక్ గొడుగు పెట్టి పాపం వాడిని ఎందుకు ఏడిపించడం?

బారుముక్కు:
మీ దానికి కుట్లు ఎక్కడండీ? పొట్ట మీదైతే గాలి కాలర్ బాగానే ఆపుతుంది. పాదం దగ్గరికొస్తే లాభం లేదు. కుక్క కాలు మడిచి నోటి దగ్గరికి తెచ్చుకుంటుంది, కాలర్ పక్క నుంచి హాయిగా అందుతుంది. నాకూ జాలేస్తుంది గానీ, కాలికట్టుకు గట్టి కోనే కావాలి. తినేటప్పుడు ఎదురుగా కూర్చుని తీసి, గిన్నె ఖాళీ కాగానే పెట్టేస్తే సరి.

మెత్తదిండు:
అవునండీ, మాది పొట్ట ఆపరేషనే. కాలికైతే మీరన్నదే నిజం.

ఇద్దరు పిల్లలు:
చేదు స్ప్రే మా పెద్దదాని మీద బ్రహ్మాండంగా పనిచేసింది. చిన్నదేమో రుచి చూసినట్టు నాకేసింది, దానికి ఏమీ అనిపించలేదు. కొట్టాలనుకుంటే కట్టు పైపైన పలచగా కొట్టండి, అంచుల్లోంచి లోపలికి దిగకూడదు. కారం గానీ వేరే ఘాటు సరుకు గానీ రాయమని ఎవరైనా చెబితే వినకండి, కళ్ళు, నోరు మండిపోతాయి. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే దాన్ని కూడా గమనించండి. మా ఇంట్లో కోన్ పెట్టుకున్నది బుద్ధిగా పడుకుంటే, రెండోది వచ్చి ప్రేమగా దాని కట్టు నాకి తడిపేసేది!

టామీ నాన్న:
తడి అన్నారు కాబట్టి చెబుతున్నా. బయటికి తీసుకెళ్ళేటప్పుడు పాదానికి ప్లాస్టిక్ సంచి తొడిగి, ఇంటికి రాగానే తీసేయాలి. అలాగే ఉంచేస్తే అరికాలి చెమటకే లోపల నానిపోతుంది, కుక్కలకు చెమట పట్టేది అక్కడే. కట్టు లోపలిదాకా తడిస్తే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి ఊరుకోకండి, మార్పించుకోవాల్సిందే.

చిట్టిగాడి అమ్మ:
ఇప్పుడే వచ్చాం. కట్టు విప్పితే మణికట్టు వెనక, నల్లమచ్చ గారు చెప్పిన చోటే, రూపాయి బిళ్ళంత చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. లోపలి దూది చెమ్మగా ఉంది. ఎముక కదల్లేదు, అదే పదివేలు. పుండు శుభ్రం చేసి, ఈసారి విప్పి చూసుకునేలా పట్టీతో కూడిన కట్టు వేశారు, వాపుకీ నొప్పికీ మందిచ్చారు. దూది మింగిన సంగతి చెప్పాను, వాంతులైతే వెంటనే తీసుకురమ్మన్నారు. కోన్ కూడా పెద్దది తెచ్చాం. దారిలో కారులో నా ఒళ్ళో తల పెట్టి గుర్రు పెట్టాడు. అందరికీ ఎంతో థ్యాంక్స్ అండీ.

ఇంకొక్కటి అడుగుతాను. నొప్పి తగ్గాక ఊరికే కూర్చోలేక కొరికితే ఏం చేయాలి? వాడికి పరుగెత్తడమే లోకం.

ఇద్దరు పిల్లలు:
పరుగెత్తలేనివాడికి ముక్కుతో పని పెట్టండి. గిన్నెలో తిండి పెట్టడం మానేసి, పాత తువ్వాలు మడతల్లో వాడి పొడి తిండి గింజలు దాచి ఇవ్వండి. ఒక్కో మడతా వాసన పట్టి విప్పుకుంటూ చాలాసేపు గడిపేస్తాడు, పైగా కూర్చున్న చోటి నుంచి కదలక్కర్లేదు. తడి తిండిని రబ్బరు బొమ్మలో కూరి గడ్డకట్టించి ఇస్తే నాకుతూ కూర్చుంటాడు. కొరకాలన్న తహతహ కూడా అక్కడే తీరుతుంది. ఇవి మీరు ఎదురుగా ఉండి కోన్ తీసినప్పుడే ఇవ్వండి.

నల్లమచ్చ:
అప్పటికీ నిలవకపోతే డాక్టరును మొహమాటపడకుండా అడగండి. ఇలాంటి వాళ్ళను కాస్త నెమ్మదిగా ఉంచడానికి గాబాపెంటిన్, ట్రాజొడోన్ లాంటివి రాస్తుంటారు, మోతాదు వాళ్ళే చెప్పాలి. పెద్ద కుక్కకు ఎముక అతకడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. అన్నాళ్ళూ వాడిని తిట్టి ఆపలేం. రోజూ ఒక వేళ పెట్టుకుని గోళ్ళు, వాసన చూస్తూ ఉండండి. గోళ్ళు బాగున్న రోజు ఒక ఫోటో తీసి పెట్టుకుంటే పోల్చుకోవడం తేలిక.